శ్రీ చంద్రశేఖర వేంకటరామన్ మహాశయులు - ద్రవ్యాణువుల చలనము

1892వ సంవత్సరమున చంద్రశేఖర అయ్యరు అను గణిత భౌతికశాస్త్రోపాధ్యాయుడు ద్రావిడదేశము నుండి విశాఖపట్టణమునకు వచ్చి, శ్రీమతి ఏ.వి.ఎన్. కళాశాలలో ఉద్యోగమున ప్రవేశించెను. ఆయన ద్వితీయపుత్రుడు వేంకటరామన్. 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి చెంతనున్న తిరువానైక్కావలులో జన్మించిన ఆ బాలునకు అప్పటికి నాలుగవ యేడు. నేటి నౌకాశ్రయము అప్పటికి లేదు. అది 1933లో గాని ప్రారంభము కాలేదు. సముద్రమొక్కటే నాటికిని నేటికిని సమానము. ఆ పట్టణమున రామన్ సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదునొకండవ యేట మెట్రిక్యులేషన్ పరీక్షయందును, తండ్రి బోధించు కళాశాలలో చదివి పదమూడవ యేట ఎఫ్.ఏ. పరీక్షయందును ఉత్తీర్ణులైరి. పిమ్మట చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. పట్టములను పొందిరి.

తల్లి పార్వతీ అమ్మాళ్ పుట్టినింటివారు సంస్కృతపండితులు. వారిలో సప్తర్షిశాస్త్రి నవ్యన్యాయమును అభ్యసింపగోరి దక్షిణదేశము నుండి వంగదేశమునకు కాలినడకన పోయెనని ప్రసిద్ధి. రామన్ జీవితమును వ్రాసినవారు దీనిని ఒక వింతగా పేర్కొని విడిచిపెట్టుదురు. కాని తర్కము చదివినవారికి ఇందు వేరొక రుచి తోచును. ద్రవ్యము ఏల గట్టిగా నుండును, ఏల ప్రవహించును అను విచారము మన తార్కికులకు క్రొత్త కాదు. ఆంధ్రుడగు అన్నంభట్టు తర్కసంగ్రహమున ద్రవత్వమును రెండు విధములుగా విభజించెను. నీటియందున్నది సాంసిద్ధికము, నేయి, బంగారము మొదలగువానియందు అగ్నిసంయోగముచే కలుగునది నైమిత్తికము. విశాఖ ఉక్కు కర్మాగారమున కరగి పారు ఇనుమును చూచినవారికి రెండవదానికి వేరొక ఉదాహరణ మక్కరలేదు. మంచుగడ్డయందు మాత్రము నీటి ద్రవత్వము నశింపదనియు, ప్రతిబంధకముచే అణగియుండుననియు వైశేషికులు సమాధానము చెప్పిరి. ఆధునికుల మతమున ఈ విభాగము నిలువదు. వేడిమి యనగా కణముల చలనమే. ఆ చలనము తగ్గినచో నీరును గడ్డకట్టును, పెరిగినచో ఇనుమును ప్రవహించును. కావున నీటి ద్రవత్వమును నైమిత్తికమే. అయితే కంటికి గోచరింపని ఆ చలనమునకు ప్రత్యక్షప్రాయమగు సాక్ష్యమేది? రామన్ పరిశ్రమలో ప్రధానభాగము ఈ ప్రశ్న చుట్టును తిరిగినది.

1907లో ఆయన ప్రభుత్వ గణాంకశాఖలో ఉద్యోగియై కలకత్తా చేరిరి. పగలు లెక్కలు, ఉదయమును రాత్రియు భారతీయ విజ్ఞానాభివృద్ధి సంఘమున ప్రయోగములు - ఇట్లు పదేండ్లు. 1917లో పెద్ద జీతమును వదలుకొని కలకత్తా విశ్వవిద్యాలయమున పాలిత్ ఆచార్యపదవిని స్వీకరించిరి.

1921లో ఇంగ్లండునకు పోయివచ్చుచు మధ్యధరా సముద్రపు నీలిమను చూచిరి. బాల్యమంతయు వంగసముద్రపు టొడ్డున గడపిన వానికి ఈ ప్రశ్న పరసముద్రమున పుట్టుట చిత్రము! సముద్రపు నీలము ఆకాశపు ప్రతిబింబమేయని అంతకుముందు రాలే ప్రభువు చెప్పియుండెను. రామన్ ఓడమీదనే నికల్ పటకముతో నీటి ఉపరితలముపై ప్రతిఫలించు కాంతిని తొలగించి చూచిరి. నీలిమ పోలేదు సరికదా, మరింత నిండుగా కనబడెను. అది నీటి లోపలినుండి వచ్చుచున్నదన్నమాట. బొంబాయి చేరగనే ఆ విషయమును ‘నేచర్’ పత్రికకు వ్రాసి పంపిరి. నీరు ఎరుపును తానే కొంత మ్రింగుననియు, ఆ గుణమును నీలిమకు ముఖ్యకారణమనియు నేడు తెలియుచున్నది. కాన రామన్ వివరణము సంపూర్ణము కాదు. కాని దాని ఫలము సముద్రవర్ణమునకంటె పెద్దది.

కణములు కదలక సమముగా పేర్చబడియున్నచో, ఒక్కొక్కటి ప్రక్కకు చిమ్ము కాంతి తరంగములు ఒండొంటిని రద్దుచేసికొనును. ప్రక్కనుండి చూచువానికి చీకటియే. వాయువులో అణువులు దూరదూరముగా, స్వేచ్ఛగా పరుగిడుటచే ఈ రద్దు జరుగదు. అందుచే ఆకాశము వెలుగుచున్నది. ద్రవములో అణువులు క్రిక్కిరిసియుండును. అయినను తాపచలనముచే క్షణమొకచోట దట్టమై, మరుక్షణము పలుచనగుచుండును. స్మోలుకోవ్‌స్కీ, ఐన్‌స్టీన్ పండితులు గణితమున చూపిన ఈ ఒడుదొడుకులనే రామన్ ప్రయోగమున పరీక్షించిరి. నీరు గాలికంటె ఎనిమిదివందల రెట్లు దట్టమైనను, ధూళిలేని గాలికంటె అది చిమ్ము కాంతి సుమారు 160 రెట్లు మాత్రమే. ఆ తక్కువయే ద్రవములోని కణములు పూర్తిగా స్వతంత్రములు కావనుటకు గుర్తు. 1922లో ఈ విషయమై ఒక గ్రంథమునే ప్రకటించిరి.

కె.ఎస్. కృష్ణన్ మొదలగు శిష్యులతో ద్రవములను ఒక్కొక్కటిగా పరీక్షింపగా, చిమ్మబడిన కాంతిలో కొంత రంగు మారుట కనబడెను. 1928 ఫిబ్రవరి 28న అది నిస్సంశయమాయెను. అణువు లోపలి కంపనము కాంతికి కొంత శక్తిని ఇచ్చును, లేదా దానినుండి పుచ్చుకొనును. ఆ లెక్క వర్ణపటమున రేఖలుగా పడును. అదే కాలమున మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌ష్టామ్ అనువారు పలుగురాతి స్ఫటికమున దీనినే కనుగొనిరి. 1930లో నోబెల్ బహుమానము రామన్‌కు మాత్రమే లభించెను.

ఆ విద్య విశాఖపట్టణమునకును వచ్చినది. కలకత్తాలో రామన్ చెంత పనిచేసిన సూరి భగవంతము గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులై కాంతి పరిక్షేపణముపై పరిశోధనను నెలకొల్పి, 1940లో గ్రంథమును వెలువరించిరి.

వాయుద్రవములలో జయించిన రామన్ ఘనపదార్థమున తడబడిరి. 1933లో బెంగుళూరు చేరిన పిదప, జర్మనీనుండి వెడలగొట్టబడిన మాక్స్ బోర్న్ పండితుని తామే పిలిపించి ఆదరించిరి. స్ఫటికములో ప్రతి పరమాణువును తన చోటు విడువక కంపించుచుండుననుట ఇద్దరికిని సమ్మతమే. ఆ కంపనముల ఆవృత్తులు ఎడతెగని శ్రేణిగా నుండునని బోర్న్ మతము. కొలదిపాటి నియతావృత్తులే యని 1940 తరువాత రామన్ వాదము. వజ్రపు వర్ణపటమునందలి స్పష్టమగు రేఖలు రామన్‌కు బలముగా తోచినవి. బోర్న్ పక్షమువారు తమ గణితముతోనే ఆ రేఖలను ఉపపాదించిరి. 1950 తరువాత న్యూట్రానుల ప్రయోగములు బోర్న్ పక్షమునే నిలిపినవి. రామన్ మాత్రము తమ పక్షమును విడువలేదు. ప్రత్యక్షమును నమ్మి సముద్రమును గెలిచినవారే, వజ్రమున కంటికి కనబడిన రేఖలను మితిమీరి నమ్మిరని తోచును.

1948 పిమ్మట తాము స్థాపించిన పరిశోధనాలయమున వజ్రములను, మణులను పరీక్షించుచు కాలము గడపిరి. 1954లో భారతరత్న బిరుదము లభించెను. 1970 నవంబరు 21న మరణించిరి. వారి దేహమునకు ఆ పరిశోధనాలయపు తోటలోనే దహనము జరిపి, ఆ చోట ఒక చెట్టును నాటిరి.