చివరి స్థానానికి విలువ తెచ్చిన డాన్ హట్సన్

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో విసురుతారు, పట్టుకుంటారు. బంతితో ప్రత్యర్థి గీత దాటితే టచ్‌డౌన్. 1913లో ఆర్కాన్సా రాష్ట్రంలోని పైన్ బ్లఫ్‌లో పుట్టిన డాన్ హట్సన్ బంతి పట్టడంలో మేటి. అలబామా విశ్వవిద్యాలయంలో చదివిన ఆయన వేగం చూసి ‘అలబామా జింక’ అన్నారు. వరుస కొసన నిలబడే ఆయన స్థానాన్ని అప్పట్లో ‘ఎండ్’, అంటే చివర అనేవారు. 1935 నుంచి 1945 వరకు గ్రీన్ బే ప్యాకర్స్ తరఫున ఆడి, 99 టచ్‌డౌన్ పాస్‌లు అందుకున్నారు. ఆ రికార్డు 1989 వరకు నిలిచింది. తర్వాత ఆ ఆటలో స్ప్లిట్ ఎండ్, ఫ్లాంకర్ అనే పేర్లు వచ్చాయి. కోచ్‌లు వాటిని ఎక్స్, జెడ్ అంటారు. నేడు ఇద్దరూ వైడ్ రిసీవర్లే. హట్సన్ 1997లో కన్నుమూశారు.

మిత్రులారా! మనకూ ఎవరో పేర్లు పెడతారు, చివర నిలబెడతారు. ఆ చోటికి విలువ తెచ్చేది మన కృషే.