మార్లవాయి సలహాదారు

కష్టం చెప్పుకొనేవానికీ, దానిని విని దారి చూపేవానికీ నడుమ ఉండే సంబంధం మిక్కిలి సున్నితమైనది. చెప్పుకొనేవాడు తన గుండె బరువును ఎదుటివాని ముందు దించుతాడు. ఆ క్షణాన అతడు బలహీనుడు, వినేవాడు బలవంతుడు. ఆ బలాన్ని వినేవాడు ఎట్లా వినియోగిస్తాడన్న దానిమీదనే చికిత్స అయినా, సలహా అయినా ఫలించడం ఆధారపడి ఉంటుంది. మానసిక వైద్యులు ఈ సంబంధాన్ని గురించి ఎంతో చర్చించారు. ఇట్టి ధర్మాన్నే ఒక జాతి జనులందరి విషయంలో పాటించి చూపిన మహనీయులొకరు ఆదిలాబాదు అడవులలో నివసించారు. ఆయన వైద్యుడు కాడు, మానవశాస్త్రవేత్త. పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909 జూన్ 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక ప్రభువంశంలో జన్మించారు. ఫ్రాయిడ్ పండితుడు రోగిచేత మాట్లాడించి, ఆ మాటలను ఓపికతో వినడమే చికిత్సగా మలచిన నగరం అదే. యువకుడైన హైమన్‌డార్ఫ్ ఆ శాస్త్రం జోలికి పోలేదు. ఆయన మనసు దూరదేశపు గిరిజనుల జీవనంపై లగ్నమైంది. 1931లో వియన్నా విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టం పొంది, తరువాత లండనులో మలినోవ్‌స్కీ ఆచార్యుని గోష్ఠిలో చేరారు. జనుల మధ్య నివసించి, వారి భాష నేర్చి, వారి కంటితో లోకాన్ని చూడవలెనన్నది ఆ ఆచార్యుని బోధ. వియన్నా వైద్యుడూ, లండను ఆచార్యుడూ వేర్వేరు శాస్త్రాలకు చెందినవారే అయినా, తన అభిప్రాయాన్ని కొంతసేపు పక్కన పెట్టి ఎదుటివాని మాట వినడమనే నియమం ఇరువురికీ సమానం. 1936–37లో అస్సాం సరిహద్దులలోని కొన్యక్ నాగుల నడుమ హైమన్‌డార్ఫ్ ఆ నియమాన్ని అభ్యసించారు.

1938లో ఆయన బెట్టి బర్నార్డో అనే ఆంగ్ల వనితను వివాహమాడారు. మరుసటి ఏడు దంపతులు మరల భారతదేశానికి వచ్చేసరికి రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను జర్మనీ అప్పటికే కలుపుకొన్నందున ఆయన చేతిలో ఉన్నది జర్మను పాస్‌పోర్టు. ఆంగ్ల ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. చివరకు హైదరాబాదు సంస్థానంలో ఉండడానికి అనుమతి లభించింది. ఇట్లా తన రాకపోకలకే స్వేచ్ఛ లేని మనిషి, తమ అడవిలో తమకే స్వేచ్ఛ లేని జనుల వద్దకు చేరడం విధి విలాసం. మొదట నల్లమల చెంచులను, పిమ్మట గోదావరీ తీరపు కొండరెడ్లను పరిశీలించి, 1941లో ఆయన ఆదిలాబాదు జిల్లాలో అడుగుపెట్టారు.

కరీంనగరం మైదానాన్ని దాటి గోదావరికి ఉత్తరంగా పోతే ఆదిలాబాదు కొండలు ఎదురవుతాయి. ఒకప్పుడు చాందా రాజుల ఏలుబడిలో గోండులు ప్రభువులుగా మెలగిన సీమ అది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో ఆ స్థితి తలక్రిందులైంది. ప్రభుత్వం అడవులకు రిజర్వు హద్దులు గీసి, హద్దు లోపల పడిన పల్లెలను ఖాళీ చేయించింది. రైలూ రోడ్డూ వచ్చినకొద్దీ మైదానాలనుండి తరలివచ్చిన రైతులూ, వడ్డీ వ్యాపారులూ మంచి నేలలకు తమ పేర పట్టాలు పుట్టించుకొన్నారు. తాత తండ్రులనాటినుండి దున్నుతున్న నేల తనదని నిరూపించడానికి గోండు చేతిలో ఒక్క కాగితం లేదు. కచేరీ భాష ఉర్దూ, అతనికి తెలిసినది గోండి. అర్జీ రాసేవానికి సొమ్ము ఇచ్చుకోవాలి. ఆ అర్జీలో ఏమి రాశాడో అర్జీదారుకే తెలియదు. చెప్పుకోవడానికి కష్టం ఉన్నది, వినే చెవి లేదు. అట్టి పరిస్థితులలోనే కొమురం భీం ఆయుధం పట్టి, 1940లో జోడేఘాటు కొండలలో పోలీసు కాల్పులకు బలి అయ్యారు. ఆ రక్తపాతం తరువాతగాని గోండుల గోడు ప్రభుత్వానికి పట్టలేదు.

హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి గ్రామాన్ని తమ నివాసంగా ఎన్నుకొన్నారు. ఇది నేడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలంలో ఉన్నది. గోండుల ఇండ్లవంటి ఇంటిలోనే కాపురమున్నారు. కాగితం చేత పట్టుకొని వచ్చిన ప్రతివాడూ నేల లాగుకోవడానికో, లంచం అడగడానికో వచ్చినవాడేనని అనుభవం నేర్పిన జనం వారు. అట్టివారికి నమ్మకం ఒక్కనాటిలో కలుగదు. ఆయన గోండి భాష నేర్చుకొన్నారు. వంశ దైవమైన పెర్సపేను పూజలు చూశారు. దండారి పండుగలలో పాల్గొన్నారు. పర్ధానులు కీకిరి వాయిస్తూ పాడే పురాణగాథలను రాత్రుల తరబడి విన్నారు. పర్ధాను అంటే వట్టి గాయకుడు కాడు. తన యజమాని వంశచరిత్రను గుండెలో దాచుకొని, చావుపుట్టుకలలో వెంట నిలిచేవాడు. తగవు వస్తే తీర్చడానికి పంచి ఉండనే ఉంది. గోండు సమాజానికి తనవైన ఆలోచనకర్తలు ముందునుండీ ఉన్నారన్న సంగతి గ్రహించడమే పరదేశి పండితుని మొదటి విజయం. కష్టం తెలుపుకొన్నవాడు అజ్ఞాని అనుకొన్న సలహాదారు అతనికి మేలు చేయలేడు.

1945లో నిజాం ప్రభుత్వం ఆయనను గిరిజనుల, వెనుకబడిన తరగతుల సలహాదారుగా నియమించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి కూడ లభించింది. ఇక్కడనే ఆయన జీవితంలోని కఠిన పరీక్ష ఉన్నది. నియామకపత్రం ఇచ్చినది ఏలినవారు. నమ్మి కడుపులోని మాట చెప్పినది అడవి బిడ్డలు. జీతమిచ్చే ప్రభుత్వపు అటవీశాఖ మీదనే, రెవెన్యూ సిబ్బంది మీదనే ఆ ఫిర్యాదులు. విన్నది దాచితే జనులకు ద్రోహం, కఠినంగా రాస్తే అధికారులకు ఆగ్రహం. తాను చూచినదానిని ఆయన నివేదికలలో నిర్మొహమాటంగా రాశారు. సంస్థానంలోని గిరిజనులను గురించిన నాలుగు నివేదికలు 1945లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. ఫలితంగా గోండులకు, కోలాములకు పట్టాలు ఇచ్చే కార్యం ముమ్మరమైంది. 1949 నాటికి ఆదిలాబాదు జిల్లాలో సుమారు 1,60,000 ఎకరాలు గిరిజనుల పేర నమోదయ్యాయి. 1946లో వచ్చిన గిరిజన ప్రాంతాల చట్టమూ, 1949 నాటి నిబంధనలూ ఆ నేలకు కొంత రక్షణ కల్పించాయి. గిరిజనుల పంచాయతీలకూ చట్టంలో చోటు దొరికింది.

అంతకన్న గొప్ప కార్యం 1943లోనే మార్లవాయిలో మొదలైంది. అది గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చే శిక్షణ కేంద్రం. అక్షరం ఎరుగని పెద్దవారికే మొదట చదువు చెప్పి, వారినే తిరిగి తమ పల్లెలకు పంతుళ్లుగా పంపారు. నాగరి లిపిలో గోండి వాచకాలు తయారైనాయి. తన ఇంటి భాషలో తొలి అక్షరం దిద్దిన పిల్లవానికి బడి పరాయి చోటు అనిపించదన్న సత్యాన్ని ఆ పథకం ఎనిమిది దశాబ్దాల క్రితమే ఆచరణలో పెట్టింది. చదువు వచ్చినవాడు తన అర్జీ తానే రాసుకోగలడు, నోటీసు వస్తే తానే చదువుకోగలడు. అతనికి ఇక మధ్యవర్తితో పని లేదు. ఒకనాటికి సలహాదారుతోనూ పని ఉండదు.

సరిగా ఆ కాలంలోనే, 1942లో, అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త మానసిక సలహాను గురించి ఒక గ్రంథం ప్రకటించారు. సహాయం కోరి వచ్చినవానిలోనే తన్ను తాను చక్కదిద్దుకొనే శక్తి దాగి ఉన్నదనీ, సలహాదారు గౌరవంతో, సానుభూతితో విని ఆ శక్తి మేలుకొనేటట్లు చేయాలనీ ఆయన సిద్ధాంతం. చికాగోలోనూ, న్యూయార్కులోనూ గదులలో కూర్చొని చర్చించిన ఈ ధర్మం మార్లవాయి చెట్లనీడన మరొక రూపంలో నడిచింది.

ఏ సలహాదారూ కలకాలం వెంట ఉండడు. సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత హైమన్‌డార్ఫ్ లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యాలయంలో ఆచార్యులై, 1976 వరకు అక్కడ పనిచేశారు. 1970వ దశకంలో ఆదిలాబాదుకు తిరిగి వచ్చి చూస్తే, ఆనాడు ఇప్పించిన నేలలలో ఎన్నో అన్యుల చేతికి చిక్కి ఉన్నాయి. చట్టం కాగితంమీద ఉన్నది, కాపాడే చేయి సడలింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసు కాల్పులు జరిగాయి. 1982లో ప్రకటించిన గ్రంథంలో ఆయన ఈ పతనాన్ని దాపరికం లేకుండా చిత్రించారు. తాను చేసిన పని కొంత చెదరిపోయిందని ఒప్పుకోవడం ఏ పండితునికైనా కష్టమే. ఆ సత్యసంధత కూడ సలహాదారుకు ఉండవలసిన గుణమే.

బెట్టి 1987 జనవరి 11న హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995 జూన్ 11న లండనులో హైమన్‌డార్ఫ్ తుదిశ్వాస విడిచారు. ఆయన చితాభస్మాన్ని 2012లో మార్లవాయికి తెచ్చి భార్య సమాధి పక్కన ఉంచారు. ప్రతి ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఆ దంపతులను స్మరిస్తారు.

సలహాదారుల నియామకాలు ప్రభుత్వపు దస్త్రాలలో ముగిసిపోతాయి. మార్లవాయిలో మిగిలినది నియామకం కాదు, నమ్మకం. తరగతి గదిలో ఒక పిల్లవాడు తల వంచుకొని మౌనంగా కూర్చుంటే, అతనికి హితబోధ చేయడానికి ముందు అతని భాషలో అతని కష్టాన్ని వినవలెనన్న పాఠాన్ని ఆ రెండు సమాధులు ఉపాధ్యాయులకు నేటికీ చెబుతూనే ఉన్నాయి.