మస్కట్ రేవులో హెన్రీ మార్టిన్



శుక్రవారం ఆరాధన అయ్యాక రువీ నుంచి ముత్రా మీదుగా పాత మస్కట్ దాకా మీరు ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు. ఆ రాతి కొండల మధ్య రేవులోకి 1811 ఏప్రిల్‌లో బొంబాయి నుంచి ఒక ఓడ వచ్చింది. అందులో ముప్పై ఏళ్ల పాదిరిగారు ఒకరున్నారు. ఆయనే హెన్రీ మార్టిన్.

ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో 1781లో పుట్టారు. 1801లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో మొదటి స్థానం ఆయనదే. ఆ చదువుతో ఏ పెద్ద ఉద్యోగమైనా దొరికేది. ఆయన మాత్రం ఈస్టిండియా కంపెనీ చాప్లిన్‌గా 1806లో కలకత్తాలో దిగారు. అక్కడినుంచి పాట్నా దగ్గరి దానాపూర్‌కు, తరువాత కాన్పూర్‌కు పంపారు. సైనికులకు ఆరాధన జరపడం ఉద్యోగం. మనసంతా కొత్త నిబంధనను హిందుస్తానీలోకి, పారసీలోకి తేవడం మీదే.

తోటి పనివారు ఎక్కడెక్కడో ఉన్నారు. డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో, డేనియల్ కోరీ చునార్‌లో. ఏం తర్జుమా చేశారో, ఎక్కడ ఆగిపోయారో, మనసు ఎలా ఉందో అంతా ఉత్తరాల్లోనే. నేను మస్కట్‌లో కూర్చుని హైదరాబాద్ టీమ్‌తో పనిచేస్తాను. మా మధ్య గంటన్నర తేడా. వాట్సాప్‌లో నీలి టిక్కులు పడకపోతేనే నాకు కంగారు. మార్టిన్ తాను ప్రేమించిన లిడియా గ్రెన్‌ఫెల్‌ను ఇండియాకు రమ్మని 1806 జులైలో రాశారు. జవాబు 1807 అక్టోబరులో వచ్చింది. రానని. ఆ దెబ్బ తిన్నాక కూడా తర్జుమా బల్ల దగ్గర కూర్చున్నారు. ఆమెకు మళ్లీ ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు.

పారసీ పనిలో ఆయనకు తోడు సాబాత్ అనే అరబ్బు పండితుడు. ఈయన కథ మన ఊరినుంచే మొదలవుతుందంటే మీరు నమ్మరేమో! విశాఖపట్నంలో ప్రభుత్వం తరఫున ముస్లిం ధర్మశాస్త్రం చెప్పే ఉద్యోగంలో ఉండగా అరబ్బీ కొత్త నిబంధన చదివి, మద్రాసు వెళ్లి బాప్తిస్మం పొందారు. కోపిష్టి. ఒకే ఇంట్లో ఆయనతో నెగ్గుకురావడం కంటే దూరాన ఉన్న కోరీతో స్నేహమే మార్టిన్‌కు సులువుగా ఉండేది. పక్క సీటులో ఉన్నవారంతా దగ్గరివారు కారని మీకూ అనుభవమే కదా.

తీరా ఆ పారసీ తర్జుమా చూసిన కలకత్తా పండితులు అరబ్బీ మాటలు ఎక్కువయ్యాయని, సామాన్యులకు అర్థం కాదని తేల్చారు. ఏళ్ల శ్రమ. దిద్దుబాట్లు ఉత్తరాల్లో తెప్పించుకుంటే సరిపోదని మార్టిన్ గ్రహించారు. ఆ భాష మాట్లాడేవారి మధ్యకు వెళ్లాలి. అప్పటికే క్షయ ఆయనను తినేస్తోంది. అయినా బయలుదేరారు.

అలా మస్కట్ వచ్చారు. ఒకరోజు ఓడలోని వారితో కలిసి ఊరి బయట కొండ దారి, దాని అవతల లోయలో ఒక హిందువు నాటిన తోట చూడడానికి వెళ్లారు. (చూశారా, మనవాళ్లు అప్పటికే ఇక్కడ మొక్కలు పెంచుతున్నారు.) కాపలాకు వచ్చిన అరబ్బు సైనికుడి వెంట ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిస కుర్రవాడు ఉన్నాడు. దేవుని గురించి మార్టిన్‌తో వాదం పెట్టుకుని, ఆయన ఒడ్డు వదిలేదాకా ఆపలేదు. చివరి రోజు యజమానీ కుర్రవాడూ ఓడ మీదికి వీడ్కోలు చెప్పడానికి వచ్చి సువార్త చూపించమన్నారు. అరబ్బీ ప్రతి చేతికివ్వగానే ఆ కుర్రవాడు అక్కడే చదవడం మొదలుపెట్టి, నిధి దొరికినట్టు పట్టుకెళ్లాడు. బానిసకు చదువు వచ్చు! నేను ఈ ఘట్టం దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

జూన్‌లో షిరాజ్ చేరి, మీర్జా సయ్యద్ అలీతో ఎదురెదురుగా కూర్చుని 1812 ఫిబ్రవరికల్లా పారసీ కొత్త నిబంధన పూర్తిచేశారు. తరువాత కీర్తనలు. ఇంగ్లండు వెళ్లాలని గుర్రం మీద బయలుదేరి, 1812 అక్టోబరు 16న టర్కీలోని తోకాత్‌లో, తనవాళ్లెవరూ దగ్గర లేకుండా కన్నుమూశారు. వయసు 31.

హిందుస్తానీ కొత్త నిబంధన 1814లో శ్రీరాంపూర్‌లో, పారసీది 1815లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అచ్చయ్యాయి. ఆయన ఉత్తరాల కోసం ఎదురుచూసిన కోరీ 1835లో మద్రాసుకు మొదటి బిషప్‌గా వచ్చారు. మన తెలుగు జిల్లాలు అప్పుడు ఆ డయోసిస్ కిందే ఉండేవి.