ఊరుమ్మడి బయలుకు కాపరి - టామ్ మోరిస్

కొందరు మహనీయులు గొప్ప విజయాలను సాధించి చరిత్రకెక్కుతారు. మరికొందరు పదిమందికీ చెందిన సంపదను పదిలంగా కాపాడి చిరస్మరణీయులవుతారు. ఈ రెండు కీర్తులనూ ఒకే జన్మలో ఆర్జించినవారు అరుదు. అట్టి అరుదైన వ్యక్తి స్కాట్లండు దేశపు గోల్ఫ్ క్రీడాకారుడు టామ్ మోరిస్. అదే పేరుగల కుమారుడు కూడా ప్రఖ్యాతుడు కావడం వల్ల లోకం ఆయనను పెద్ద టామ్ మోరిస్ అని పిలుచుకొంది.

స్కాట్లండు తూర్పు తీరంలో సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న పట్టణం ఉంది. ఆ పట్టణానికీ సముద్రానికీ నడుమ ఇసుక దిబ్బలతో, పొట్టి గడ్డితో నిండిన విశాలమైన బయలు ఒకటి ఉంది. అటువంటి తీరభూములను ఆ దేశంలో లింక్స్ అంటారు. సేద్యానికి పనికిరాని ఆ నేల తరతరాలుగా ఊరివారందరి ఉమ్మడి ఆస్తి. అక్కడ పశువులు మేసేవి, స్త్రీలు ఉతికిన బట్టలు ఆరవేసుకొనేవారు, పిల్లలూ పెద్దలూ గోల్ఫ్ ఆడుకొనేవారు. కర్రతో చిన్న బంతిని కొట్టుకుంటూ పోయి, వీలైనన్ని తక్కువ దెబ్బలతో దూరానున్న గుంతలో పడవేయడమే ఆ ఆట. ఆ బయలులో ఆడుకొనే హక్కు ప్రజలకు ఉన్నదని 1552లోనే ఒక శాసనపత్రం ధ్రువీకరించింది.

అయినా ఆ హక్కుకు ఆపద రాకపోలేదు. అప్పుల పాలైన పట్టణ పాలకులు పద్దెనిమిదవ శతాబ్దం చివర ఆ బయలును అమ్మివేశారు. కొన్న వర్తకులు అక్కడ కుందేళ్లను పెంచారు. అవి నేలంతా బొరియలు త్రవ్వి ఆటకు పనికిరాకుండా చేశాయి. ఊరివారికీ వర్తకులకూ నడుమ కలహాలు చెలరేగి, వ్యాజ్యాలు ఇరవై ఏళ్లు సాగాయి. చివరకు 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి ఆ భూమిని కొని ఆటకు నిలిపాడు. సరిగ్గా ఆ సంవత్సరమే, జూన్ 16న, ఆ పట్టణంలోని ఒక నేతగాని ఇంట టామ్ మోరిస్ జన్మించారు.

పేదయింటి బిడ్డ కావడంతో టామ్ చిన్ననాడే పనిలో చేరవలసివచ్చింది. ఆనాటి మేటి ఆటగాడు ఆలన్ రాబర్ట్‌సన్ వద్ద బంతులు తయారుచేసే పని నేర్చుకున్నారు. ఉడికించిన ఈకలను తోలు సంచిలో దట్టంగా కూరి, కుట్టి ఆ బంతిని చేసేవారు. నిపుణుడైన పనివాడు సైతం రోజుకు మూడు నాలుగు బంతులకు మించి చేయలేకపోయేవాడు. అందువల్ల వాటి వెల అధికం. పని ముగిసిన పిమ్మట గురుశిష్యులు కలిసి ఆడేవారు.

1849లో వీరిద్దరూ ఒక జట్టుగా మసల్‌బరో పట్టణానికి చెందిన డన్ సోదరులను ఎదుర్కొన్నారు. పందెం నాలుగు వందల పౌండ్లు. మూడు ఊళ్ల మైదానాలలో ఆ పోటీ జరిగింది. ప్రత్యర్థుల సొంత ఊరైన మసల్‌బరోలో వీరు ఘోరంగా ఓడిపోయారు. సెయింట్ ఆండ్రూస్‌లో గెలిచి సరితూగారు. నార్త్ బెరిక్‌లో జరిగిన చివరి ఆటలో ఎనిమిది గుంతలు మాత్రమే మిగిలి ఉండగా నాలుగు గుంతలు వెనుకబడి ఉన్నారు. ఓటమి తప్పదని అందరూ భావించిన ఆ స్థితి నుండి తేరుకొని విజయం సాధించారు. జనం వేలం వెర్రిగా తరలివచ్చి చూసిన ఆ పోటీ గోల్ఫ్ చరిత్రలో నేటికీ ప్రసిద్ధమే.

అయితే ఆ గురుశిష్యుల స్నేహానికి ఒక కొత్త బంతి అడ్డువచ్చింది. మలయా ప్రాంతపు చెట్ల జిగురుతో చేసిన ఆ బంతి చవకైనది, గట్టిది. పగిలినా వేడిచేసి మళ్లీ బంతిగా మలచుకోవచ్చు. తన వృత్తికి అది ముప్పని రాబర్ట్‌సన్ భావించారు. టామ్ ఆ బంతితో ఆడారని తెలిసి కోపించారు. టామ్ ఆ కొలువు విడిచి సొంత దుకాణం పెట్టుకున్నారు. 1851లో పశ్చిమ తీరాన ఉన్న ప్రెస్ట్‌విక్‌కు తరలివెళ్లి, అక్కడ పన్నెండు గుంతల మైదానాన్ని తీర్చిదిద్దారు. 1860లో మొట్టమొదటి ఓపెన్ పోటీ జరిగింది ఆ మైదానంలోనే. ఆ పోటీలో పాల్గొన్నవారు ఎనిమిదిమంది. టామ్ రెండు దెబ్బల తేడాతో రెండవ స్థానంలో నిలిచారు. తరువాత 1861, 1862, 1864, 1867 సంవత్సరాలలో ఆయనే విజేత. చివరిసారి గెలిచేనాటికి ఆయన వయస్సు 46 సంవత్సరాలు. అంతటి వయస్సులో ఓపెన్ గెలిచినవారు నేటివరకూ మరొకరు లేరు.

1864లో సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు ఆయనను ఏడాదికి 50 పౌండ్ల జీతంపై మైదాన సంరక్షకునిగా నియమించింది. చేతికి ఒక తోపుడుబండి, పార, పలుగు ఇచ్చి ఒక కూలివాణ్ణి తోడు పంపింది. నాలుగుసార్లు విజేత కానున్న ఆ వ్యక్తి ఆ పనిని చిన్నతనంగా భావించలేదు. ముళ్లపొదలను నరికించి ఆటదారులను వెడల్పు చేశారు. గుంతల చుట్టూ ఉన్న పచ్చికపై ఇసుక చల్లితే గడ్డి దట్టంగా పెరుగుతుందని గుర్తించి, ఆ పద్ధతిని క్రమం తప్పక పాటించారు. మొదటి గుంతకు, చివరి గుంతకు కొత్త తావులు ఏర్పరచారు. ఆదివారం నాడు ఆట సాగరాదని పట్టుబట్టారు. ఆటగాళ్లకు అక్కరలేకపోయినా నేలకు విశ్రాంతి అవసరమని ఆయన నమ్మకం.

ఇంతలో ఆయన కుమారుడు చిన్న టామ్ తండ్రిని మించినవాడయ్యాడు. 1868లో పదిహేడేళ్ల వయస్సులో ఓపెన్ గెలిచాడు. ఆ పోటీలో రెండవ స్థానం తండ్రిదే. వరుసగా మూడేళ్లు గెలిచి బహుమతి పట్టీని సొంతం చేసుకున్నాడు. ఇవ్వడానికి బహుమతి లేక 1871లో పోటీయే జరగలేదు. 1872లో తిరిగి అతడే గెలిచాడు.

విధి మాత్రం ఆ కుటుంబాన్ని చల్లగా చూడలేదు. 1875 సెప్టెంబరులో తండ్రీ కొడుకులు నార్త్ బెరిక్‌లో పార్క్ సోదరులతో ఆడుతుండగా, చిన్న టామ్ భార్య ప్రసవవేదనతో ప్రమాదస్థితిలో ఉన్నదని తంతి వచ్చింది. రైలులో చుట్టుతిరిగి పోయే వ్యవధి లేక పడవపై సముద్రపాయను దాటారు. వారు ఇల్లు చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ మరణించారు. ఆ దుఃఖం నుండి చిన్న టామ్ కోలుకోలేదు. అదే ఏడాది క్రిస్మస్ నాటి ఉదయం ఇరవై నాలుగేళ్లకే కన్నుమూశాడు. మరుసటి ఏడు భార్యను కూడా పోగొట్టుకున్న టామ్, కాలక్రమంలో తన బిడ్డలందరి మరణాన్నీ కళ్లారా చూడవలసివచ్చింది.

ఇంతటి శోకంలోనూ ఆయన చేతిలోని పార క్రిందికి దిగలేదు. దాదాపు నలభై ఏళ్లు ఆ బయలును కంటికి రెప్పలా కాపాడారు. ఇతర ప్రాంతాలవారు పిలిస్తే వెళ్లి మ్యూర్‌ఫీల్డ్, డార్నాక్ వంటి ఎన్నో మైదానాలకు రూపకల్పన చేశారు. ఆయన జీవించి ఉండగానే, 1894లో, పార్లమెంటు చేసిన చట్టం ద్వారా ఆ బయలు తిరిగి పట్టణ ప్రజల అధీనంలోకి వచ్చింది. 1908 మే 24న, ఎనభై ఆరేళ్ల వయస్సులో, మెట్లపై నుండి జారిపడి ఆయన మరణించారు. కుమారుని సమాధి చెంతనే ఆయనను ఖననం చేశారు.

పాత ఆటలపై మక్కువగల క్రీడాభిమానులు నేటికీ ఆ తీరభూములకు వస్తుంటారు. ఆనాటివారివలె హికరీ కర్రలు చేతబట్టి, ఆనాటి పద్ధతిలో ఆడి చూస్తారు. టామ్ నాటి సెయింట్ ఆండ్రూస్ మైదానంలో ఆట ఒకప్పుడు సవ్యదిశలో సాగేది. ఆయన చేసిన మార్పుల వల్ల అపసవ్యదిశలో ఆడడం సాధ్యమై, క్రమంగా అదే స్థిరపడింది. ఇటీవలి కాలంలో అప్పుడప్పుడు కొద్దిరోజులపాటు పాత దిశలో ఆడే అవకాశాన్ని మైదాన నిర్వాహకులు కల్పించారు. దుస్తులనూ, కర్రలనూ, దిశనూ తిరిగి తెచ్చుకోవడం సులభమే. ఆ నేలయే కుందేళ్ల పాలై, ఎవరో ఒకరి సొంతమై కంచెల నడుమ చిక్కి ఉంటే, పాత పోటీలను తిరిగి ఆడి చూసుకొనే చోటు మాత్రం దక్కేది కాదు.

ఆదివారం నాడు ఆ మైదానంలో నేటికీ ఆట ఉండదు. పెద్ద పోటీలు జరిగే వేళల్లో తప్ప, ఆనాడు ఊరివారు పిల్లలతో అక్కడ విహరిస్తారు. చివరి గుంతకు టామ్ మోరిస్ పేరే నిలిచిపోయింది. చెరువైనా, మైదానమైనా, మేతబయలైనా అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోయే ప్రమాదం ఎల్లప్పుడూ ఉంటుంది. అందరిదైనదాన్ని తనదిగా భావించి సేవించేవాడు ఒక్కడున్నా అది నిలుస్తుందని, ఈ నేతగాని బిడ్డ జీవితం మనకు తెలుపుతున్నది.