శ్రీమతి ఫానీ బుల్లక్ వర్క్‌మన్

వ్యాయామమనగనే మన విద్యార్థులకు దండీలు, బస్కీలు, కాలిబంతి యాట జ్ఞప్తికి వచ్చును. ఇల్లాండ్రకును, నడివయసు వారికిని దానితో పనిలేదని పెద్దలలో పలువురు తలచుచుందురు. మేమీ పర్యాయము ఫానీ బుల్లక్ వర్క్‌మన్ అను అమెరికా వనిత చరిత్రమును వ్రాయబూనుటకు ఆ తలంపే కారణము.

ఈమె 1859వ సంవత్సరము జనవరి 8వ తేదీని మాసచూసెట్సు రాష్ట్రములోని వూస్టరు పట్టణమున సంపన్న గృహమందు జన్మించెను. తండ్రి ఆ రాష్ట్రమునకు గవర్నరుగా నుండెను. 1882లో ఈమె తనకంటె 12 ఏండ్లు పెద్దయైన విలియం హంటర్ వర్క్‌మన్ అను వైద్యుని వివాహమాడెను. కొండలపై నడచుట యామెకు నేర్పినవాడు భర్తయే. 1889లో ఆయన అనారోగ్యముచే వృత్తి మానుకొనగా, కుటుంబము జర్మనీదేశమునకు వెడలెను. 1893లో వారి చిన్నకుమారుడు మరణించెను. కుమార్తెను దాదులకును పాఠశాలలకును అప్పగించి దంపతులు దేశాటనమునకు బయలుదేరిరి. ఈ విషయమున ఆమెను మేము మెచ్చుకొనజాలము.

వారి వాహనము బైసికిలు. 1895లో స్పెయినుదేశమున 2,800 మైళ్లు త్రొక్కిరి. కొన్ని దినములందు 80 మైళ్ల వరకు సాగిరి. 1897 మొదలు 1899 వరకు సింహళము, హిందూదేశము, బర్మా, జావా ద్వీపములయందు తిరిగిరి. మన దేశపు దక్షిణాగ్రము నుండి హిమాలయముల వరకు వారు గడచిన దూరమే 4,000 మైళ్లు! వెంటనున్న ఆహారము తేయాకు, చక్కెర, బిస్కత్తులు, డబ్బా మాంసము. ముండ్లదారులలో ఒక్కదినముననే 40 పంక్చరులవరకు అతుకు వేసికొనిన సందర్భములుండెను. రాత్రి రైల్వేస్టేషనులోని కుర్చీలే పాన్పులు.

ఇట్లు ఏండ్లతరబడి గట్టిపడిన కాళ్లతోను ఊపిరితిత్తులతోను ఆమె మంచుకొండల నెక్క మొదలిడెను. 20,000 అడుగుల ఎత్తున గాలిలోని ప్రాణవాయువు సముద్రతీరమున నున్నదానిలో సగమైనను ఉండదు. అచ్చట తొందరపడువాడు తలనొప్పితో కూలబడును. ఈమె నెమ్మదిగా, ఆగక నడచెడిది; ఇతరులను బాధించు ఆ వ్యాధి యామెను అంతగా అంటలేదు. 1906లో, తన 47వ యేట, కాశ్మీరమందలి నున్ కున్ పర్వతములలో పినకిల్ శిఖరము నెక్కెను. దాని యెత్తు 22,736 అడుగులు. 1934 వరకు ఏ స్త్రీయు అంతకు మించి యెక్కలేదు. అన్నీ పెక్ అను మరియొక వనిత తానే హెచ్చు ఎత్తునకు పోతినని చెప్పగా, ఈమె తన ధనము వెచ్చించి దక్షిణ అమెరికాకు కొలతగాండ్రను పంపి, ఆ శిఖరము 21,812 అడుగులేయని రుజువు చేయించెను. పట్టుదల యనవచ్చును, పంతమనినను తప్పులేదు.

ఆమె సామాను మోసిన బల్తీ కూలీలును ఆ మంచులోనే నడచిరి. వారిని సోమరులని గ్రంథములలో నిందించుట మాకు న్యాయముగా తోచదు. చాలని బట్టలతో బరువు మోసి ఎక్కిన వారి శరీరదార్ఢ్యమును ఎవరును కొలువలేదు.

1912లో సియాచిన్ హిమానీనదముపై సుమారు 21,000 అడుగుల ఎత్తున ఆమె, స్త్రీలకు వోటుహక్కు కోరు వార్తాపత్రికను చేతబట్టి ఫోటో తీయించుకొనెను. ఆమె దేశమున స్త్రీలందరికి ఆ హక్కు శాసనబద్ధమైనది 1920లో.

దీర్ఘవ్యాధి పిదప 1925 జనవరి 22వ తేదీని ఫ్రాన్సుదేశమున కాన్ పట్టణమందు ఆమె మరణించెను. నాలుగు స్త్రీకళాశాలలకు 1,25,000 డాలర్లు వ్రాసి యిచ్చెను. అనారోగ్యమని వైద్యవృత్తి మానుకొనిన భర్త 1937 వరకు, 90 ఏండ్లు జీవించెను.