దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు
కృష్ణాజిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులయ్యారు. ఉపాధికై బొంబాయి చేరి, 1893లో అమృతాంజనమనే తలనొప్పి లేపనాన్ని రూపొందించారు. పేరెరుగని మందును కొనడానికి ప్రజలు సందేహించడం సహజం. అందుకే పంతులుగారు సంగీత సభలలో శ్రోతలకు దానిని ఉచితంగా పంచిపెట్టారు. ఎన్ని మాటలు చెప్పినా కలుగని నమ్మకం ఒక్కసారి వాడి చూడడంతో కలిగింది. ఆ పసుపుపచ్చని లేపనం ఇంటింటి ఔషధమైంది.

వచ్చిన లాభాన్ని ఆయన తన భోగానికి దాచుకోలేదు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసు నుండి దినపత్రికగా వెలువరించారు. 1924లో భారతి సాహిత్య మాసపత్రికను ప్రారంభించారు. విరివిగా దానాలు చేసి విశ్వదాత అనిపించుకొని, 1938లో కన్నుమూశారు.

వస్తువులో గుణముండాలి, అది కొనేవారి అనుభవానికి అందాలి. ప్రకటనకు ఇంతకు మించిన బలం లేదు.