ఆటలోనే అక్షరం – డాక్టర్ మరియా మాంటిస్సోరి

మన దేవరకొండలోనే కాదు, ఏ పట్టణానికి పోయినా ప్రైవేటు బడుల బోర్డుల మీద మాంటిస్సోరి అనే పేరు కనబడుతుంది. అది ఫీజులు కట్టగలిగినవాళ్ల పిల్లల చదువని మేమూ చాలాకాలం అనుకున్నాం. ఆమె జీవితం చదివాక తెలిసింది, ఆ చదువు పుట్టింది పనికిపోయిన కూలీల పిల్లల మధ్యనే అని. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆమె గురించి మన హాస్టల్ మిత్రులకు చెప్పాలనుకున్నాం.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే ఊరిలో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్డె చదువంటే ప్రాణం పెట్టే మనిషి. మరియా డాక్టరు చదువుతానంటే తండ్రికి ఇష్టం లేకపోయింది. తల్లి మాత్రం వెన్నుదన్నుగా నిలిచింది. మగ విద్యార్థులతో కలిసి ఆడపిల్ల శవపరీక్ష నేర్చుకోవడం తగదని, అందరూ వెళ్లిపోయాక ఆమెను ఒంటరిగా ఆ పని చేయనిచ్చేవారు. అన్నీ ఓర్చుకుని 1896లో రోమ్ విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా పొందారు. అప్పటికి ఇటలీలో మహిళా డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

ఉద్యోగరీత్యా ఆమె మానసిక చికిత్సాలయాలకు వెళ్లేవారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను అక్కడ ఏ వస్తువూ లేని గదుల్లో ఉంచేవారు. తిండి అయ్యాక ఆ పిల్లలు నేల మీది రొట్టె ముక్కలు ఏరుకుంటుంటే, ఆయాలు దాన్ని తిండియావ అనుకున్నారు. ఆ చేతులకు పట్టుకోవడానికి వేరే ఏమీ లేదని మరియా గ్రహించారు. ఇటార్, సెగాన్ అనే ఫ్రెంచి వైద్యుల పుస్తకాలు చదివి, పిల్లలు పట్టి చూసి నేర్చుకునే వస్తువులు తయారుచేయించారు. ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లల పరీక్షలు రాసి పాసయ్యారు. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. వీళ్లే ఇంత నేర్చుకుంటే, ఏ లోపమూ లేని పిల్లలు బడిలో ఎందుకు వెనకబడుతున్నారు అని.

ఈ కాలంలోనే ఆమె జీవితంలో ఒక పెద్ద బాధ ఉంది. 1898లో పెళ్లి కాకుండానే ఆమెకు మారియో అనే కొడుకు పుట్టాడు. లోకానికి వెరచి బిడ్డను పల్లెలో వేరే కుటుంబం దగ్గర పెంచవలసి వచ్చింది. ఎన్నో ఏళ్ల తరువాతే తల్లీకొడుకులు ఒకచోటికి చేరారు. తరువాత ఆమె పనికి కుడిభుజమైంది ఆ కొడుకే.

రోమ్ నగరంలో సాన్ లొరెంజో అనేది పేదల వాడ. తల్లిదండ్రులు పొద్దున్నే పనికి పోతే, బడి ఈడు రాని పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని ఇళ్ల యజమానులు ఒక గది ఇచ్చి చూసుకొమ్మన్నారు. 1907 జనవరి 6న ఆ గదిలో యాభైమంది దాకా పిల్లలతో ‘బాలల ఇల్లు’ మొదలైంది. పిల్లల ఎత్తుకు తగిన బల్లలు, కుర్చీలు చేయించారు. వస్తువులు చేతికందేటట్టు పెట్టారు.

ఒకరోజు మూడేళ్ల పాప చెక్కకు చేసిన గుంతల్లో సరిపడే దిమ్మెలు తీసి పెడుతూ ఉంది. చుట్టూ పిల్లలచేత పాటలు పాడించినా, కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా తల తిప్పలేదు. నలభైసార్లకు పైగా చేసి, నిద్ర లేచినట్టు నవ్వుతూ ఆపింది. దిమ్మె తప్పు గుంతలో పడితే చివరికి ఒకటి మిగిలిపోతుంది. తప్పు చెప్పడానికి టీచరు అక్కరలేదు, బెత్తం అసలే అక్కరలేదు. పెద్దలు దాన్ని ఆట అన్నా, అది పిల్లల పని అని ఆమె అనేవారు.

ఇంకోరోజు ముక్కు చీదుకోవడం ఎట్లాగో నెమ్మదిగా చేసి చూపించారు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. చీమిడి ముక్కని అందరూ తిట్టినవాళ్లేగాని, ఎట్లా తుడుచుకోవాలో ఎవరూ నేర్పలేదు. ఈ సంఘటన చదివినప్పుడు మాలో కొందరికి చిన్నతనం గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి.

గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి ఇస్తే పిల్లలు వేలితో దిద్దుతూ, శబ్దం పలుకుతూ ఆడుకున్నారు. కొన్ని నెలలకే నాలుగైదేళ్ల పిల్లలు సుద్దముక్కలతో నేల మీద మాటలు రాయసాగారు. ఈ వార్త దేశదేశాలకూ పాకింది.

ముస్సోలినీ పాలనతో పొసగక 1934లో ఆమె ఇటలీ విడిచారు. 1939లో రుక్మిణీదేవి, జార్జ్ అరండేల్ దంపతుల ఆహ్వానంపై మద్రాసు అడయారుకు వచ్చారు. మొదటి శిక్షణకే 300 మందికి పైగా వచ్చారు. 1940లో ఇటలీ యుద్ధంలో దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించింది. ఆమె 70వ పుట్టినరోజునాడు అతన్ని విడుదల చేసింది. 1946 దాకా ఇక్కడే ఉండి, మళ్లీ 1947లో వచ్చి 1949 వరకు మన దేశంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

ఆమె రాకముందే, 1920లో గిజూభాయి భావనగర్‌లో ఆమె పద్ధతితో బాలమందిరం పెట్టారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డి గ్రామానికి వెళ్లి, గవ్వలు, ఆకులు, గులకరాళ్లతోనే గిరిజన పిల్లలకు ముంగిట్లో చదువు చెప్పించారు. అంగన్‌వాడీ అనే మాటకు మూలం ఆ ముంగిలి బడే. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆ పేరును ఊరూరికీ తెచ్చింది.

మన తండాల్లో, పల్లెల్లో అమ్మానాన్నలు వలసపోతే తమ్ముణ్ణి ఎత్తుకుని బడి మానిన అక్కలు ఎందరో ఉన్నారు. చిన్నోళ్ల బడి బాగా నడిస్తే అక్క కూడా బడికి పోతుంది. అంగన్‌వాడీ అంటే గుడ్డు, బువ్వ దగ్గరే ఆగిపోకూడదు. చింతగింజలు కుప్పలు వేసి లెక్కపెట్టడం, చిన్నవీ పెద్దవీ వేరుచేయడం, మట్టితో బువ్వలాట, ఇవన్నీ చదువే. వీటికి పైసా ఖర్చు లేదు.

పూర్వ విద్యార్థులకు, తోటి మిత్రులకు ఒక మనవి. ఈసారి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మన ఊరి అంగన్‌వాడీలో ఒక్క గంట కూర్చుందాం. టీచరమ్మకు చేదోడుగా ఉందాం. పిల్లలు ఆడుతుంటే ఆపకుండా చూద్దాం. కూలీల పిల్లల దగ్గర పుట్టిన చదువును మళ్లీ వాళ్ల దగ్గరికి చేర్చడమే ఆ తల్లికి మనం ఇచ్చే నిజమైన నివాళి.